అరచేతిలో కాంట్రా

గుమ్మం పక్కన చిప్పు

కొత్త అపార్ట్‌మెంట్లలో గుమ్మం పక్కన చిన్న టచ్ ప్యానెల్ బిగిస్తున్నారు కదా, కింద గేటు దగ్గరికి ఎవరొచ్చారో చూపించేది! అలాంటి ప్యానెళ్లలోకి పనికొచ్చే చిప్పుల్లో సిగ్మాస్టార్ ఎస్ఎస్‌డీ202డీ ఒకటి. 2021 చివర్లో ‘మియూ మినీ’ అనే బుల్లి గేమ్ కన్సోల్ ఈ చిప్పుతోనే బయటికొచ్చింది. 2.8 అంగుళాల తెర, చిప్పులోనే ఇమిడిపోయిన 128 ఎంబీ ర్యామ్. 4 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్‌నే నత్తనడక అని ఈసడిస్తాం, ఇది అందులో ముప్పై రెండో వంతు. అయినా 1980లు, 90ల నాటి ఆటల్లో చాలావాటిని, మొదటి ప్లేస్టేషన్ ఆటలతో సహా, హాయిగా ఆడిస్తుంది.

ఇంకో గమ్మత్తు. దీని తెరను లోపల తలకిందులుగా బిగించారు. బొమ్మను సాఫ్ట్‌వేరే 180 డిగ్రీలు తిప్పి నిలబెడుతుంది. ఆడేవాడికి ఆ సంగతే తెలీదు.

ఈ బాపతు డబ్బాలన్నిటి పుట్టుకా దాదాపు ఇంతే. చైనాలోని షెన్‌జెన్‌లో ఉన్న అన్‌బెర్నిక్ కంపెనీ అమ్మే ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్‌లో వాడిన ఆల్‌విన్నర్ హెచ్700 చిప్పుది టీవీ బాక్సుల వంశం. వేరే పని కోసం కుప్పలుగా తయారైన చిప్పు, ఇప్పుడెవరికీ మోజు లేని 640×480 తెర, ఉచితంగా దొరికే లైనక్స్. ఈ మూడూ కలిస్తేనే ధర 50, 60 డాలర్ల దగ్గర తేలుతుంది.

పాత సరుకే పెట్టుబడి

ఈ కిటుకు షెన్‌జెన్ వాళ్లు కనిపెట్టింది కాదు. నింటెండోలో గున్‌పేయి యొకోయి అనే డిజైనర్ జీవితమంతా చెప్పిందే ఇది. కొత్తగా దిగిన ఖరీదైన టెక్నాలజీ వెంట పడొద్దు, అందరి చేతుల్లో నలిగి, చవకై, లోటుపాట్లన్నీ తెలిసిపోయిన సరుకును తీసుకుని ఎవరూ ఊహించని పనికి వాడు అనేవాడు. రైల్లో ఒకాయన పొద్దుపోక కాలిక్యులేటర్ బటన్లు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాక ఆయనకు తట్టిన ఆలోచనే 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అయింది. కాలిక్యులేటర్ల బాపతు ఎల్‌సీడీ తెర, దాని మీద ఒక ఆట. 1982లో డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసం ఆయన పెట్టిన ప్లస్ గుర్తు బటన్ ఇవాళ్టి ప్రతి చవక డబ్బా మీదా ఎడమ బొటనవేలి కింద ఉంటుంది.

1989లో వచ్చిన గేమ్ బాయ్ ఆ సిద్ధాంతానికి అసలు పరీక్ష. ఆకుపచ్చ తెర మీద నాలుగే నాలుగు ఛాయలు, వెనక లైటు లేదు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో, లోపల లైటుతో దిగింది. మరుసటేడు సెగా గేమ్ గేర్ కూడా అదే హంగుతో వచ్చింది. రెండింటికీ ఆరేసి పెన్సిల్ సెల్లులు కావాలి. వేసిన సెల్లులు నాలుగైదు గంటలకే ఖాళీ. గేమ్ బాయ్ మాత్రం నాలుగు సెల్లులతో పది గంటలు దాటి నడిచేది. చివరికి గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. గొప్ప తెర ఉన్నవాళ్లు ఓడి, సెల్లులు ఆదా చేసినవాడు గెలిచాడు.

రెండు వరసలు తక్కువ

మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన టెట్రిస్‌లో ముక్కలు పడే బావి అడ్డం 10, నిలువు 20 గళ్లు. గేమ్ బాయ్ టెట్రిస్‌లో నిలువు 18 గళ్లే. తెర ఎత్తు 144 చుక్కలు, గడికి 8 చుక్కలు, భాగిస్తే వచ్చేది 18. అంతకు మించి చోటు లేదు. మన తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో అమ్మిన ‘బ్రిక్ గేమ్’లో మాత్రం లెక్కగా 10×20 గళ్లు ఉండేవి.

అలెగ్జాండర్ సెరెబ్రోవ్ అనే రష్యన్ వ్యోమగామి 1993లో తన గేమ్ బాయ్‌నూ టెట్రిస్ క్యాసెట్‌నూ మిర్ అంతరిక్ష కేంద్రానికి పట్టుకెళ్లాడు. 196 రోజులు అక్కడే ఉన్నాడు. 2011లో ఆ గేమ్ బాయ్ వేలానికి కూడా వచ్చింది.

మేఘమే పొద

సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం, మాటలు కావు, 40 కేబీ. మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోలో డెబ్బై ఎనభై మారియోలు పడతాయి. 64 జీబీ మెమరీ కార్డులోనైతే పదహారు లక్షలు. అంత పొదుపు ఎలా కుదిరిందో చూడాలంటే ఆటలో ఆకాశం వైపొకసారి, నేల వైపొకసారి చూడండి. పైన తెల్ల మేఘం, కింద పచ్చటి పొద ఒకే బొమ్మ. రంగు మార్చారంతే.

ఊదితే పనిచేసేది కాదు

గేమ్ రాకపోతే క్యాసెట్ బయటికి లాగి, దాని నోట్లో ‘ఉఫ్’ అని ఊది మళ్లీ పెట్టడం తొంభైల పిల్లలందరికీ వచ్చిన విద్య. ఒంగోలులోనైనా ఒసాకాలోనైనా అంతే. నిజానికి పని చేసింది ఊదడం కాదు, తీసి మళ్లీ పెట్టడం. అలా చేసినప్పుడు పిన్నులు కొత్తచోట ఒరుసుకుని కరెంటు అందుకునేవి. నోటి తేమ వల్ల ఆ పిన్నులు నెమ్మదిగా తుప్పెక్కేవి కూడా. ఊదొద్దని నింటెండోయే చెప్పింది. ఎవరు విన్నారు!

మన ఊళ్లలో గంటకింతని అద్దెకు ఆడించిన ఆ టీవీ గేమ్ పెట్టెల్లో చాలావాటి మీద నింటెండో పేరే ఉండేది కాదు. అవి 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌కు తైవాన్, చైనాల్లో పుట్టిన నకళ్లు. క్యాసెట్ మీద 9999 ఆటలని అచ్చేసేవాళ్లు, లోపల చూస్తే పట్టుమని పాతిక కూడా ఉండవు. అదే ఆటను రెండో లెవెల్ నుంచి మొదలుపెట్టి ఒకటి, మూడో లెవెల్ నుంచి ఇంకొకటి అని లెక్క నింపేవాళ్లు. నకలు పెట్టెల జాయ్‌స్టిక్‌కు మాత్రం అసలు దానికి లేని ఓ సుఖం ఉండేది. మామూలు ఎ, బి బటన్ల పైన ఇంకో రెండు టర్బో బటన్లు. నొక్కి పట్టుకుంటే చాలు, కాంట్రా అనే కాల్పుల ఆటలో తూటాలు ధారగా పోయేవి. ఇప్పటి చవక కన్సోళ్లలో ఎక్స్, వై బటన్లకు ఆ టర్బోను తగిలించుకునే వీలుంది. మనవాళ్లు చేసుకోవాల్సిన మొదటి సెట్టింగ్ అదేనని నా అభిప్రాయం.

కాంట్రాలో ముప్పై ప్రాణాలిచ్చే మంత్రం, పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ, ముందు కాంట్రాది కాదు. కొనామి ప్రోగ్రామర్ కజుహిసా హషిమోతో 1986లో గ్రాడియస్ ఆటను ఫామికామ్‌కు తెస్తూ, ఆట మరీ కష్టంగా ఉందని, తను పరీక్షించుకోవడానికి వీలుగా పెట్టుకున్న దొడ్డిదారి అది. తీసేయడం మరిచిపోయారు. తర్వాత లోకమంతా అదే దారి పట్టింది.

బాతులు పడవు

తుపాకీతో బాతుల్ని కొట్టే డక్ హంట్‌ను ఈ చేతి డబ్బాల్లో వేస్తే బాతులు ఎగురుతాయి, కుక్క నవ్వుతుంది, అంతకు మించి ముందుకు పోదు. లోపం డబ్బాది కాదు. తుపాకీలోంచి ఏదీ బయటికి పోయేది కాదు, లోపలికే వచ్చేది. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరిసేది. తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ తెలుపును చూస్తే దెబ్బ తగిలినట్టు లెక్క. బల్బుకు గురిపెట్టి మోసం చేయకుండా, పిక్చర్ ట్యూబ్ టీవీ గీతలు గీసే వేగాన్ని మాత్రమే పసిగట్టేలా నింటెండో దాన్ని తయారుచేసింది. ఎల్‌సీడీ తెర అలా గీతలు గీయదు. మనం పెద్ద గురికాళ్లమనుకున్నది టీవీ చలవే.

దుబాసీకి ఎందుకంత బలం?

పాత ఆట పాత చిప్పు భాషలోనే మాట్లాడుతుంది. కొత్త చిప్పుకు ఆ భాష రాదు. మధ్యలో కూర్చుని ఒక్కో ఆజ్ఞనూ తిరగేసి చెప్పే దుబాసీ ఎమ్యులేటర్. ఇంతవరకూ తేలిగ్గానే ఉంది. చిక్కంతా పాత యంత్రం ఏది ఎప్పుడు చేసేదో ఆ లయ కూడా తప్పకూడదన్న చోట ఉంది. సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం ఎంత పరిగెత్తినా 3.58 మెగాహెర్ట్జే. దాన్ని అచ్చం దానిలాగే, ఏ ఒక్క క్షణం తేడా రాకుండా నడిపించాలంటే 3 గిగాహెర్ట్జ్ కంప్యూటర్ కావాలని బీఎస్‌నెస్ అనే ఎమ్యులేటర్ రాసిన బైయూ 2011లో వాదించి చూపించాడు. రమారమి ఎనిమిదొందల రెట్లు! మియూ మినీ లాంటివి అంత మోయలేవు. అందుకే అవి అడ్డదారులు తొక్కే స్నెస్9ఎక్స్ వంటి ఎమ్యులేటర్లను వాడతాయి. వందలో తొంభై ఆటలకు ఆ తేడా మీకూ నాకూ కనిపించదు.

కనిపించే చోట్లే సరదా. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువుల్ని కూల్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా మీదికొస్తారు, గుండె దడదడలాడుతుంది. దాన్ని రాసిన తొమొహిరో నిషికాదో మొదట అనుకున్న ఎత్తుగడ కాదది. యాభై అయిదు మందిని గీయడానికి ఆ ప్రాసెసర్ ఆయాసపడేది. జనం తగ్గేకొద్దీ పని తగ్గి వేగం పెరిగింది. బాగుందని ఆయన అలాగే ఉంచేశాడు. ఇప్పుడు ఎమ్యులేటర్ ఆ ఆయాసాన్ని కూడా పడి చూపించాలి. వేగంగా నడపగలిగినా నడపకూడదు.

ప్యాక్‌మ్యాన్‌దీ ఇదే సంగతి. లెవెల్ లెక్కపెట్టే చోట ఎనిమిది బిట్లే ఉన్నాయి. 256వ లెవెల్‌కు లెక్క తప్పి, తెర కుడి సగమంతా అక్షరాల చెత్తతో నిండిపోతుంది. అక్కడితో ఆట ముగిసినట్టే. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ ఎమ్యులేటర్‌లో ఆడినా సరిగ్గా అక్కడే, సరిగ్గా అలాగే చెత్త పడుతుంది. దాన్ని బాగుచేయడం వాళ్ల దృష్టిలో పాడుచేయడం కిందే లెక్క. నాకు ఈ పట్టుదల నచ్చుతుంది. పాత యంత్రం తప్పుల్ని కడిగేస్తే మిగిలేది మనం ఆడిన ఆట కాదు.

ఎనిమిది మందే

పాత నింటెండోలో అడ్డంగా ఒక గీత మీద ఎనిమిదికి మించి కదిలే బొమ్మలు పట్టవు. తొమ్మిదోది మాయమవుతుంది. అందుకే జనం ఎక్కువైనప్పుడు బొమ్మలు మిణుకు మిణుకుమనేవి. ఈ హద్దును ఎత్తేసే సెట్టింగ్ ఇప్పుడు ఎమ్యులేటర్లలో ఉంది. కానీ కొన్ని ఆటలు కావాలనే ఆ హద్దును వాడుకుని బొమ్మల్ని దాచాయి. ఎత్తేస్తే దాగినవి బయటపడతాయి.

జలపాతంలో చారలు

1991లో వచ్చిన మొదటి సోనిక్ ఆటలోని జలపాతాన్ని కొత్త తెర మీద దగ్గరగా చూడండి. నీళ్లుండవు, నిలువు చారలుంటాయి. ఒక గీత రంగు, ఒక గీత ఖాళీ. ఆనాటి టీవీకి పోయే ఒక్క వైరులో ఆ చారలు ఒకదాంట్లోకి ఒకటి అలుక్కుపోయి, వెనక కొండ కనబడే పారదర్శకమైన నీరయ్యేవి. ఆ ఆట నడిచిన సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌కు అలాంటి పారదర్శకతను స్వయంగా చూపించే శక్తి లేదు. తెర నాసిరకమని తెలిసే బొమ్మ గీశారు. గేమ్ బాయ్ ఆటలదీ అదే దారి. ఆ తెర మీద బొమ్మ వెంటనే చెరగదు, నీడలా కాసేపు మిగిలిపోతుంది కాబట్టి, బొమ్మను ఒక ఫ్రేమ్‌లో చూపించి మరుసటి ఫ్రేమ్‌లో తీసేస్తే పలచటి పొగలా కనిపించేది. ఇప్పటి చురుకైన తెర మీద అది పొగ కాదు, కళ్లు జిగేల్‌మనే మెరుపు. ఎమ్యులేటర్లో రెండు ఫ్రేములను కలిపే సెట్టింగ్ ఉన్నది అందుకే.

2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్ మరో చిత్రం. తెర వెనక లైటు లేక అంతా చీకటిగా ఉండేది. అందుకని రంగులన్నీ గాఢంగా, కాస్త మోటుగా వేశారు. వాటిని ఇవాళ్టి ఐపీఎస్ తెర మీద చూస్తే రంగులు కళ్లల్లో పొడుస్తాయి. ‘కలర్ కరెక్షన్’ ఆన్ చేస్తే కొంచెం వెలిసినట్టై అసలు రూపు వస్తుంది. డబ్బులిచ్చి మంచి తెర కొని, దాన్ని పాత తెరలా మసకబార్చుకోవడం ఈ అభిరుచిలో మామూలే.

ఎక్కాలు వచ్చినవాడిదే తెర

గేమ్ బాయ్ తెర 160×144 చుక్కలు. నాలుగుతో గుణిస్తే 640×576. 640×480 తెరలో వెడల్పు సరిగ్గా సరిపోతుంది, ఎత్తు పట్టదు. దాంతో 3.33 రెట్లలాంటి లెక్కలకు దిగాలి. అప్పుడు మారియో నడుస్తుంటే అతని ముక్కులో ఒక చుక్క మూడు గళ్లు, పక్క చుక్క నాలుగు గళ్లు ఆక్రమించి, ముఖమంతా అలల్లా కదులుతుంది. చాలామంది గమనించరు. ఒకసారి గమనించినవాళ్లకు ఇక మనశ్శాంతి ఉండదు. వాళ్ల కోసమే ఇన్ని రకాల తెరలు. గేమ్ బాయ్ అడ్వాన్స్ తెర 240×160. 2020 నాటి అన్‌బెర్నిక్ ఆర్‌జీ351పీ తెర 480×320, అంటే కచ్చితంగా రెండింతలు. ట్రిమ్‌యూఐ బ్రిక్‌లోని 1024×768 తెరలో నాలుగింతలు పట్టి అంచులు మిగులుతాయి. పవ్‌కిడ్డీ ఆర్‌జీబీ30 ఏకంగా 720×720 చతురస్రం, అందులో మూడింతలు అడ్డంగా అంచు నుంచి అంచుకు అతుకుతుంది. వీటన్నిటికంటే ఖరీదైన అనలాగ్ పాకెట్‌ది 1600×1440. అంటే గేమ్ బాయ్‌కి లెక్కగా పదింతలు. అది ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ కూడా వాడదు, ఎఫ్‌పీజీఏ చిప్పునే పాత చిప్పు సర్క్యూట్‌లా మలుచుకుంటుంది.

ఉల్లి, వెల్లుల్లి

మియూ మినీతో వచ్చే అసలు సాఫ్ట్‌వేర్ బాగోలేదని ఔత్సాహికులు ‘ఆనియన్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ వచ్చాక దాని కోసం ‘గార్లిక్’ పుట్టింది. ఆనియన్‌లో ఆట మధ్యలో పవర్ బటన్ నొక్కి డబ్బాను ఆపేసినా, మళ్లీ వేస్తే సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ డబ్బాల్లో సగం విలువ ఇలా జీతం లేకుండా పనిచేసినవాళ్లదే.

బటన్ సెల్ చస్తే

పోకెమాన్ వంటి గేమ్ బాయ్ క్యాసెట్లలో మీరు ఎంతవరకు ఆడారో గుర్తుపెట్టుకునేది లోపలి గుండ్రటి బటన్ సెల్. వాచీలో ఉండేలాంటిది. అది అయిపోయిన రోజున పట్టిన పోకెమాన్లన్నీ గాలికి పోతాయి. 1996లో కొన్న క్యాసెట్లకు ఆ గడువు ఎప్పుడో దాటింది. కార్డులో ఫైలుగా దాచిన సేవ్‌కు ఆ గండం లేదు.

కోర్టులో గెలిచి, మూతపడి

1999 జనవరిలో మాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ ప్లేస్టేషన్ ఆటను మాక్ కంప్యూటర్ మీద నడిపి చూపించాడు. కనెక్టిక్స్ కంపెనీ ఎమ్యులేటర్ అది. సోనీ కోర్టుకెక్కింది. 2000లో అమెరికా అప్పీళ్ల కోర్టు కనెక్టిక్స్ వైపు తీర్పు చెప్పింది. లోగుట్టు తెలుసుకోవడానికి ప్లేస్టేషన్‌ను నడిపే సోనీ బయోస్ సాఫ్ట్‌వేర్‌ను కాపీ చేసుకోవడం న్యాయమైన వాడకమేనంది. సోనీ ఆ ఎమ్యులేటర్‌ను కొనేసి, మార్కెట్లోంచి తీసేసింది. ‘బ్లీమ్’ అనే మరో ఎమ్యులేటర్ కంపెనీ మీద కూడా సోనీ దావా వేసింది. వాళ్లూ కోర్టులో నెగ్గుకొచ్చారు గానీ, లాయర్ల ఖర్చు మోయలేక 2001లో మూసేశారు.

2018లో సోనీ తనే పాత ఆటలతో ‘ప్లేస్టేషన్ క్లాసిక్’ అనే బుల్లి పెట్టె అమ్మింది. దాని లోపల ఆటలు నడిపింది పీసీఎస్ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్. మన చవక డబ్బాల్లో ప్లేస్టేషన్ ఆటల్ని నడిపేదీ అదే. 2016లో నింటెండో అమ్మిన ఎన్‌ఈఎస్ క్లాసిక్‌లో ఉన్నదీ లైనక్సే, ఆల్‌విన్నర్ చిప్పే.

మరి మన దగ్గర చట్టం? ఎమ్యులేటర్ వాడటం నేరం కాదు. ఆటల ఫైళ్ల దగ్గరే పేచీ. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, చట్టబద్ధంగా చేతికొచ్చిన కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు, పోతుందేమో పాడవుతుందేమోనన్న జాగ్రత్తకు, బ్యాకప్ కాపీ తీసుకోనిస్తుంది. అమ్మేవాడు పదివేల ఆటలు నింపి ఇచ్చిన కార్డుకు ఆ నీడ దొరకదు. మరోవైపు వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో కొందామన్నా దొరకవు. అమ్మరు, ఆడనివ్వరు. ఈ ముడి ఎవరు విప్పుతారో చూడాలి.

కొనే ముందు

చైనా సరుకు దొరికే అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను కేంద్రం 2020 నవంబర్‌లో నిషేధించింది. దాంతో ఇక్కడివాళ్లకు మిగిలింది దిగుమతి చేసి అమ్మేవాళ్లు, లేదా డాలస్ నుంచి సెలవులకొచ్చే బావగారి సూట్‌కేసు. ఎవరు తెచ్చినా, డబ్బాతో వచ్చే పేరు లేని మెమరీ కార్డును నమ్మొద్దు. త్వరగా చస్తుంది. మొదటి రోజే మంచి కంపెనీ కార్డులోకి అంతా మార్చుకోండి. కళ్లజోడు వయసు వచ్చినవాళ్లు 2.8 అంగుళాల ముచ్చట మాని 3.5 అంగుళాలకు పోవడం మంచిది. మియూ మినీ ప్లస్ ఆ సైజే. ప్లేస్టేషన్ 2 ఆడాలంటే మాత్రం ఈ ధరలో ఆశ పెట్టుకోవద్దు, ఎవరు ఏం చెప్పినా సరే.

కొత్తగా పుట్టిన పాత ఆటలు

అన్నీ ముప్పై ఏళ్ల నాటివే అనుకోకండి. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అసలైన పాత నింటెండో మీద ఆడేలా రాసిన కొత్త ఆట. నలుగురు ఒకేసారి ఆడే ఆ ఆటనంతా మారియో ఇమిడిన ఆ 40 కేబీలోనే ఇమిడ్చారు. పికో-8 అనేదైతే ఎన్నడూ లేని యంత్రానికి ఎమ్యులేటర్. 128×128 చుక్కలు, 16 రంగులు, ఆటకు 32 కేబీ అని హద్దులు ముందే గీసుకుని, వాటికి లోబడి ఆటలు రాస్తారు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న సెలెస్ట్ 2015లో మొదట నాలుగు రోజుల్లో పికో-8 మీద తయారైనదే. పికో-8 ఆటను క్యాసెట్ ఆకారంలో ఉన్న ఒక పీఎన్‌జీ బొమ్మగా దాచుకోవచ్చు. కోడ్ అంతా ఆ బొమ్మ రంగుల్లోనే కలిసి ఉంటుంది. ఆ బొమ్మనే తీసుకెళ్లి మియూ మినీ కార్డులో వేసి, ఫేక్-08 ఎమ్యులేటర్‌తో తెరిస్తే ఆట మొదలవుతుంది.